ఇరవై నాలుగు నిమిషాల చప్పుడు

“మా ఆవిడ క్యాబేజీ తరిగితే సూదిలోకి ఎక్కించొచ్చండీ. ఏ మెషీనూ పనికిరాదు,” అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు భర్త. వచ్చినవాళ్ళు పళ్ళెంలోకి తొంగిచూసి ఆహా అంటారు. “చేత్తో తరిగిన రుచే వేరు,” అని పక్కనుంచి అత్తగారు ముక్తాయింపు ఇస్తుంది. పదమూడేళ్ళ కిందట, కొత్తకోడలిగా ఈ మాట మొదటిసారి విన్నప్పుడు ఆమె ఉబ్బితబ్బిబ్బయిపోయింది. ఆ పొగడ్త తనని రోజూ పొద్దున్నే అరగంటసేపు కూరలు తరిగే చెక్క ముందు నిలబెడుతుందని అప్పటికి తెలియదు పాపం. తిట్టి చేయించుకునే పనికైతే ఎదురు చెప్పొచ్చు. పొగిడి చేయించుకునే పనికి ఎవరైనా ఏం చెబుతారు?

ఆమె ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తుంది. గీత తిన్నగా వస్తుందని అక్కడ ఆమెకి స్కేలమ్మ అని పేరు పెట్టారు. ఎవరి పుట్టినరోజు వచ్చినా కేకు కోసేది స్కేలమ్మే. “ముక్కలు సమానంగా రావాలంటే మీ చెయ్యే పడాలి మేడమ్,” అంటారు. తిన్నాక ప్లేట్లు ఆమె బల్ల మీదే వదిలేసి పోతారు. ఇంజినీరు గారి సంగతి చెప్పనే అక్కర్లేదు. హాలు, పడకగదులు, కారు పెట్టుకునే చోటు అన్నీ గీయించాక మిగిలిన మూల చూపించి, “వంటిల్లు ఇక్కడ పడెయ్యమ్మా. ఆడవాళ్ళు నిలబడే కదా చేసుకునేది,” అంటాడు. ఆమె హాలుకి సోఫాలు గీస్తుంది, డాబాకి కుర్చీలు గీస్తుంది. ఏ వంటింట్లోనూ ఇప్పటిదాకా ఒక్క స్టూలు గీయలేదు. ఆ సంగతి ఎప్పుడు తట్టిందో గానీ, తట్టినప్పటినుంచీ కాళ్ళ పీకుడు ఎక్కువైంది.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ బస్‌స్టాపు దగ్గర ఆగింది. నేలమీద పట్టా పరుచుకుని ఒకావిడ స్లైసర్లు అమ్ముతోంది. అరచెయ్యంత వెడల్పున్న ప్లాస్టిక్ పలక, మధ్యలో ఏటవాలుగా బ్లేడు, అంతే. ఆవిడ కబుర్లు చెబుతూ దోసకాయని దానిమీద పైకీ కిందికీ జారుస్తోంది. పళ్ళెంలో రేకులు ఒకదాని మీద ఒకటి మెత్తగా వాలుతున్నాయి. ఒక్కో రేకులోంచీ సాయంత్రపు వెలుతురు కనిపిస్తోంది. రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయాయి. ఆ రేకుల కింద తను మెల్లగా మునిగిపోతున్నట్టూ, ఆ మునగడం ఎంతో హాయిగా ఉన్నట్టూ అనిపించింది స్కేలమ్మకి.

“అరగంట పని ఆరు నిమిషాల్లో అయిపోతుందమ్మా. ధర కూడా ఎంతో కాదు. బ్లేడుకి ఏడాది గ్యారంటీ.”

“మిగిలిన టైముకి?” నోరుజారి అడిగేసింది.

అమ్మే ఆవిడ పకపకా నవ్వింది. “దానికి నేనెక్కడ గ్యారంటీ ఇవ్వగలనమ్మా! దాచుకోగలిగితే మీది, లేకపోతే ఇంట్లో ఎవరిదో ఒకరిది.”

స్లైసరు కొన్నాక మొదటిరోజు దాచుకోవడం చేతకాలేదు. క్యాబేజీ నిజంగానే ఆరు నిమిషాల్లో అయిపోయింది. బకెట్ బోర్లించుకుని ఇలా కూర్చుందో లేదో, హాల్లోంచి అత్తగారి గొంతు.

“అమ్మాయ్, చప్పుడాగిందేం? చెయ్యిగానీ తెగిందా?”

“లేదత్తయ్యా, అయిపోయింది.”

“అప్పుడేనా? అయితే ఆ కిటికీ తెరలు నానబెట్టు.”

వెనకాలే చొక్కా పట్టుకుని భర్త వచ్చాడు. “ఖాళీగా ఉన్నావా? ఈ బొత్తాం కాస్త కుట్టెయ్.”

మిగిలిన ఇరవై నాలుగు నిమిషాలూ తెరలకీ బొత్తానికీ పోయాయి. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో తనని ఎవరూ కళ్ళతో చూడలేదనీ, చెవులతోనే కనిపెట్టుకుని ఉన్నారనీ ఆమెకి ఆరోజు తెలిసింది. ఏడుపొచ్చింది. ఏడవడానికీ టైము లేదు, డబ్బాలు సర్దాలి.

రెండోరోజు తరగడం అయిపోగానే బకెట్ మీద కూర్చుని, చెక్కని ఒళ్ళో పెట్టుకుని, కత్తితో ఉత్త చెక్క మీద కొట్టింది. టక టక టక. ఎవరూ పిలవలేదు. ఎవరూ రాలేదు. భోజనాల దగ్గర భర్త క్యాబేజీ పోగొకటి పైకెత్తి వెలుతురులో చూసుకుని, “చూశావా అమ్మా? ఇది మెషీన్ వల్ల అవుతుందా!” అన్నాడు. ఆమె నవ్వాపుకోలేక పొయ్యి వైపు తిరిగి లేని మరక తుడిచింది.

ఆ తర్వాత ఎన్ని వారాలు గడిచాయో ఆమె లెక్కపెట్టలేదు. చెయ్యి దాని మానాన అది కొడుతూ ఉండేది, ఆమె కళ్ళు మూసుకుని ఒక గది గీసుకునేది. మొదటిరోజు నేల ఒక్కటే గీసింది. చల్లటి, నున్నటి, ఎవరూ తుడవక్కర్లేని నేల. మర్నాడు కిటికీ, అదీ కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తుకి. అలమార వద్దనుకుంది. గోడకి మేకులు అసలే వద్దనుకుంది, మేకు కనిపిస్తే ఎవరో ఒకరు చొక్కా తగిలించేస్తారు. ఒకరోజు ఎడమవైపు నుంచి ఎండని రానిచ్చింది. ఇంకోరోజు వానని రానిచ్చింది, టకటకలన్నీ చినుకులైపోయాయి. ఒకనాడు ఆ నేలమీద తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె వెల్లకిలా పడుకుని ఏదో కూనిరాగం తీస్తోంది. ఎవరా అని వంగి చూస్తే తనే. తనకి కూనిరాగాలు తీసే అలవాటుండేదని పూర్తిగా మర్చిపోయింది. ఆ పిల్ల దగ్గర ఎంతసేపు కూర్చున్నా తనివి తీరలేదు. ఇది పోతే మాత్రం నేను బతకలేను అనుకుంది, అలా అనుకున్నందుకు తనే ఉలిక్కిపడింది.

ఒకరోజు భర్త మంచినీళ్ళకి వంటింట్లోకి వచ్చాడు. మామూలుగా అయితే కుర్చీలోంచే కేకేసేవాడు, ఆరోజు చెవి దగ్గర ఫోనుండటంతో కేకేసే వీల్లేక తనే లేవాల్సి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయాడు. తరిగిన క్యారెట్లు గిన్నెనిండా ఉన్నాయి. అంట్లు తోమే తొట్టిలో స్లైసరుంది. బోర్లించిన బకెట్ మీద భార్య కళ్ళు మూసుకుని, చిన్నగా నవ్వుకుంటూ, ఉత్త చెక్క మీద కత్తితో కొడుతోంది. అతను ఫోను పెట్టేశాడు.

“ఏం చేస్తున్నావ్?”

ఆమె కళ్ళు తెరిచింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో దాన్ని అక్కడే ఆపేసింది.

“కూర్చున్నాను.”

“మరి ఆ చప్పుడేంటి?”

“అది మీ కోసం. చప్పుడాగితే మీరంతా వచ్చేస్తారు.”

అతని మొహం కందగడ్డయింది. “అంటే ఇన్నాళ్ళూ మేం తిన్నది మెషీన్‌తో తరిగిందా? అందరికీ గొప్పగా చెప్పుకున్నానే! అమ్మా, ఇలా రా, నీ కోడలి నాటకం చూద్దువుగాని!”

అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చింది. బకెట్నీ చెక్కనీ స్లైసర్నీ చూసింది.

“దీనికా పిలిచావు? నాకు తెలుసు.”

“తెలుసా!”

“కత్తి కింద కాయ ఉంటే ఒక చప్పుడు, లేకపోతే ఒక చప్పుడు. నలభై ఏళ్ళు తరిగినదాన్ని, ఆమాత్రం తెలీదూ? రెండోరోజే తెలిసింది.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

అత్తగారు కొడుకుని కాదు, కోడల్ని చూస్తూ అంది. “మొదట్లో చెప్పేద్దామనే అనుకున్నాను. పడగ్గది తెరలింకా మురికిగానే ఉన్నాయి కదా. తర్వాత రోజూ వినడం అలవాటైపోయింది. నా రోజుల్లో నాకీ ఉపాయం తట్టలేదే అని కుళ్ళుకున్నాను కూడా.”

పదమూడేళ్ళలో ఈ ఇంట్లో ఆమె విన్న పొగడ్తలన్నీ కలిపినా ఆ కుళ్ళుకి సరిరావు. కత్తి తీసి తొట్టిలో పెట్టింది. చెక్కని గోడకి చేరేసింది. ఆ వేళప్పుడు ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు.

“రేపటినుంచి చప్పుడుండదు,” అంది భర్తతో, బకెట్ మీంచి లేవకుండానే. “ఇవాళ్టికింకా తొమ్మిది నిమిషాలున్నాయి. మీ నీళ్ళు మీరు ముంచుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి.”