అద్యో యను వీడుకోలు

రాక్షసనామసంవత్సర శ్రావణశుద్ధద్వాదశినాటి ప్రాతఃకాలమున, నవవర్షధారాకలుషితయై యరుణవర్ణముతో నుప్పొంగిన గౌతమి యానాం రేవుమెట్ల నొరసికొని ప్రవహించుచుండ, ఫ్రెంచిసైన్యమున జేరి ఖండాంతరయుద్ధభూమికి బయనమైన సింగన్న, తల్లి పోలమ్మ వండిన పులసపులుసుతో గడుపార భుజించి పడవ యెక్కి, గట్టుపై నిలిచిన భార్య కాసులమ్మవంక జూచి "అద్యో" యని పలికెను. ఇల్లు వెడలువారు వెళ్ళివచ్చెద ననుట మనవారి యాచారము. క్రొత్తగా దొడిగిన సైనికవేషమునకు దొరలమాటయే తగునని కాబోలు నాత డట్లు పలుకగా, ఆమె రెండును నొకటియే యని తలచి నవ్వెను.

ఏడాది తిరుగకమున్నే యాతని యోడ నడిసముద్రమున మునిగినదనియు నొక్కరును మిగులలేదనియు దొరతనమువారి వార్త వచ్చెను. కులపెద్దలు కర్మకు దినము నిర్ణయించిరి. కాసులమ్మ మాత్రము "ఎల్లొత్తానని చెప్పెల్లాడు, నేను బొట్టు చెరుపుకోను" అని పట్టుపట్టి, తుదకు కర్మకు ముందునాటి సాయంకాలము వానలో దడియుచు ఫ్రెంచిబడి యుపాధ్యాయుడగు ఆకొండి సోమయాజుల యింటి కరిగెను.

"అద్యో అంటే ఎల్లొత్తాననే గదండీ, పంతులుగారూ?"

ఫ్రెంచివారి యద్యో, స్పెయినువారి యదియోస్, ఇటలీవారి యద్దీయో యను నివి యన్నియు లాటినుభాషాగర్భసంజాతము లనియు, దైవమునకు ననుటయే వాని యర్థమనియు, ఫ్రెంచివారు చిరవియోగసమయములందే దాని నుచ్చరింతురనియు, మరలివచ్చుట యను ప్రస్తావమే యందు లేదనియు నాత డెఱుగును. అబద్ధమునకు నోరు రాలేదు. నిజమునకు మనసు రాలేదు.

"దేవునికి అప్పగించినాను అని అర్థమమ్మా."

"ఎవర్నండీ? నన్నా, తన్నా?"

"ఇక్కడ ఉండిపోయేవారిని."

ఆమె "నన్నన్నమాట" అని లేచెను. సోమయాజులు గొడుగు దీసికొని వీథిచివరిదాక నామెకు బట్టి నడచెను. వాన వెలిసిన సంగతి యిరువురును గమనింపరైరి.

గడపలో పోలమ్మ కనిపెట్టుకొని యుండెను.

"ఏవన్నారే పంతులుగారు?"

"దేవుడు సూసుకుంటాడంట, అత్తా."

"మనోణ్ణా?"

"నన్ను. ఆ మాటలో ఆయన లేడు."

పోలమ్మ కోడలి తడికొంగు పిండి, మఱునాడు కర్మకు రాబోవు పెద్దలకై పీటలు తుడిచి గోడకు జేర్చి, చప్పుడు గాకుండ దలుపు మూసెను.