ముళ్ళు తీసిన చేప

అవినాష్ చేపలు తినడు. హనుమకొండలో వాళ్ళింట్లో కోడిగుడ్డు పగలగొట్టడం కూడా ఎవరూ ఎరగరు. అలాంటి మనిషి ఏప్రిల్ మొదలైన దగ్గర్నుంచీ ప్రతి శనివారం పొద్దున్నే గాలం కర్రలు కార్లో వేసుకుని, అమెరికాలో వాళ్ళుండే అరోరాకి ఉత్తరాన ఎక్కడో ఉన్న సరస్సుకి పరుగెత్తుతుంటే ఏ పెళ్ళానికైనా చిరాకొస్తుంది. ఉషాకి చిరాకు రాలేదు. అనుమానం వచ్చింది.

మొదట్లో మురిసిపోయింది, అది వేరే సంగతి. ఆమెది యానాం. గోదావరి చేప తిని పెరిగిన నోటికి ఇండియన్ స్టోర్‌లో రాయిలా గడ్డకట్టిన చేప ఎక్కడం లేదని రోజూ సణిగేది. "నీ కోసమే నేర్చుకుంటున్న. మంచు కరిగినంక పైక్ చేపలు గుడ్లు పెట్టనీకి ఒడ్డు దగ్గరికొస్తాయంట, ఇదే సీజనంట," అని అవినాష్ చెబితే నమ్మింది. సాయంత్రం ఐస్‌బాక్స్‌లో ముక్కలు తెచ్చి సింకు పక్కన పెట్టి, ఊపిరి బిగబట్టుకుని పక్కకి తప్పుకునేవాడు. శనివారం ఆ ఇంట్లో నీచు ముట్టరు కాబట్టి ఆదివారం ఉషా పులుసు పెట్టుకునేది. అవినాష్ ఎదురుగా కూర్చుని పప్పన్నం తింటూ ఆమె తినడం చూసేవాడు.

రెండో వారమో మూడో వారమో, పులుసు కలుపుకుంటూ ఉండగా ఆమె చెయ్యి ఆగిపోయింది. ముక్కలో ఒక్క ముల్లు లేదు. పైక్ చేప గురించి ఆమె యూట్యూబ్‌లో చూసింది. మాంసం మధ్యలో రెండుగా చీలిన ముళ్ళ వరస దాక్కుని ఉంటుందనీ, అది తీయాలంటే చెయ్యి తిరిగినవాళ్ళే తడబడతారనీ చెప్పారందులో. ఉల్లిపాయ కోయబోయి వేలు కోసుకునే అవినాష్‌కి ఇంత పనితనం ఎక్కణ్ణుంచి ఊడిపడింది? పైగా ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి ఉన్నాయి. ఈ దేశపు వాడెవడూ సరస్సు ఒడ్డున కూర్చుని చేపకి పసుపు రాయడు. అంటే అక్కడ తెలుగు మనిషి ఎవరో ఉన్నారు. చేప కోయడం బాగా తెలిసిన మనిషి. ఆడమనిషే అని ఉషా తేల్చేసుకుంది. ఎందుకంటే ఏం చెబుతాం, అనుమానం అలాగే తేలుస్తుంది.

"ఎవరు క్లీన్ చేశారు?" అని అడిగింది, ఏమీ ఎరగనట్టు.

"నేనే. ఆడ పార్క్‌లో టేబుల్ ఉంటది," అన్నాడు అవినాష్, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

ఆ రోజు నుంచి ఆమెకి నిద్ర కరువైంది. పెళ్ళికి ముందు అన్నయ్య రఘువీర్ అన్న మాట చెవిలో హోరెత్తింది. "వాడు నీ వంటింటి వాసనకి రెండేళ్ళు కూడా ఆగడే. ఎవత్తినో చూసుకుని పోతాడు, చూస్తూ ఉండు." ఆ మాటకి ఉషా ఒంటికాలి మీద లేచింది. ఇక చచ్చినా నీ మొహం చూడను, నీ చేతి ముద్ద ముట్టను అని తెగతెంపులు చేసుకుని వచ్చేసింది. రఘువీర్ పెళ్ళికి రాలేదు. పక్కనే నేపర్‌విల్‌లో ఉంటాడు. ఒకే గుడికి వెళ్ళే ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడకుండా తప్పుకు తిరుగుతున్నారు. ఇప్పుడు వాడి మాటే నిజమైతే తను తలెత్తుకుని ఎలా తిరగాలి? అవినాష్ పోతాడన్న భయం ఒకటి, అన్నయ్య గెలుస్తాడన్న మంట ఒకటి. రెంటిలో ఏది ఎక్కువో ఆమెకే తెలియదు.

ఫోన్‌లో అవినాష్ లొకేషన్ చూసింది. నీలం చుక్క నిజంగానే సరస్సు ఒడ్డునే ఉంది. దాంతో అనుమానం ఇంకా బలపడింది. ఏమీ లేనివాడు ఇంత బాహాటంగా లొకేషన్ ఆన్‌లో పెట్టుకుంటాడా? ఎంత తెలివి!

తర్వాతి శనివారం గుడికని చెప్పి తన కారు తీసింది. దారి పొడవునా అడగాల్సిన ప్రశ్నలు వల్లించుకుంది. పార్కింగ్‌లో పెద్ద వ్యాన్ చాటున కారు ఆపి, సీట్లో కిందికి జారి, అద్దంలోంచి తొంగిచూసింది. అవినాష్ మోకాలి లోతు నీళ్ళలో, రెల్లుగడ్డి పక్కన నిలబడి గాలం విసురుతున్నాడు. ఒడ్డున బల్ల దగ్గర, కోటు టోపీ తలమీదికి లాక్కుని ఎవరో అటు తిరిగి చేప కోస్తున్నారు. పక్కనే పసుపు డబ్బా!

ఉషా కారు తలుపు దడాలున వేసి, విసవిసా నడిచి వెళ్ళి ఆ భుజం పట్టుకుని లాగింది.

టోపీ కింద మీసాలు కనిపించాయి. రఘువీర్ తెల్లబోయి చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"ఓసి నీ దుంపతెగ! నువ్వూ వచ్చావా? మొదటి వారం నేనూ ఇలాగే వచ్చానే. గ్యాస్ స్టేషన్‌లో కనిపించాడు బావ, కారు నిండా గాలాలు. చేపే తినని వాడికి గాలాలెందుకు, ఎవత్తో ఉంది, పట్టుకుని నీకు చూపిద్దామని వెంటపడ్డాను. తీరా చూస్తే పట్టిన చేపని చంపలేక, వదల్లేక ఏడుపుమొహం వేసుకుని కూర్చున్నాడు. చూడలేక కత్తి నేనే తీసుకున్నా. నా పేరు చెబితే నువ్వు తినవని, చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నా."

ఉషాకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముట్టనని శపథం పట్టిన చేతి కూడు నెలంతా లొట్టలేసుకుంటూ తిన్నది. అయినా గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. "ఎందుకు తీశావు ముళ్ళు?" అంది, ఇంకేం అనాలో తెలీక.

"చిన్నప్పుడు నీ గొంతులో ముల్లు ఇరుక్కుంటే ఆస్పత్రికి మోసుకెళ్ళింది నేనే కదే," అన్నాడు రఘువీర్, మెల్లగా.

అంతలో అవినాష్ నీళ్ళలోంచి పైకి వచ్చాడు. చేతి వలలో మూరెడు పైక్ కొట్టుకుంటోంది. ఉషాని చూసి మొహం విప్పారింది. "ఉషా! చూడు, ఎంత పెద్దదో! ఏంది, ఇట్లొచ్చినవ్?"

"ఇదీ నాలాగే, బావా!" అన్నాడు రఘువీర్, నవ్వు ఆపుకోలేక. "ఎవత్తితో ఉన్నావో పట్టుకోడానికి!"

అవినాష్ వల కింద పెట్టాడు. "నిజమా?" అన్నాడు ఉషా వైపు తిరిగి.

సర్‌ప్రైజ్ ఇద్దామని వచ్చానని చెప్పొచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ ఈ చలిలో, తను నోట పెట్టని చేప కోసం తడిసి నిలబడ్డ మనిషికి ఇంకో అబద్ధం చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

"అవును," అంది.

అవినాష్ చూపు తిప్పుకుని, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. కోపగించుకున్నా బాగుండునని ఉషాకి అనిపించింది.

"మొదటి వారం ఈడికొచ్చి మీ అన్నయ్య ఇదే మాట అంటే నవ్వొచ్చింది," అన్నాడు చివరికి. "ఇప్పుడొస్తలేదు."