ఎత్తు నుంచి పోసిన రసం

పొయ్యి మీద బెల్లం వండే పెద్ద పెనంలో చెరుకు రసం మరుగుతుంటే, ఆ ఆవిరి పొద్దుటి మంచులో కలిసి చేనంతా తెల్లగా కమ్ముకుంది. న్యాల్‌కల్ దారిలోని త్రివేణి వాళ్ల చేనులో తొలి గానుగ ఆడే రోజు ఏటా ఇలాగే ఉంటుంది. మనుషులు సగం కనిపిస్తారు, సగం కనిపించరు. మాట వినిపిస్తుంది గాని ఆ మాటన్న మనిషి ఎక్కడున్నాడో తెలియదు. నులక మంచం మీద కూర్చున్న త్రివేణి, నిద్రా మెలకువా కాని హాయిలో, కూతురు పూజితనే చూస్తోంది.

తొలి రసం వచ్చినవాళ్లందరికీ పంచడం ఆ ఇంటి ఆనవాయితీ. ఏటా త్రివేణి అత్తగారు మనోరమ పంచేది. ఈసారి నడుం పట్టేసిందని చెంబు మనవరాలి చేతికిచ్చింది. ఏడేళ్ల పిల్లకు అంతకంటే పెద్ద పదవి ఏముంటుంది! కోహీర్ నుంచి వచ్చిన చుట్టాలకు పూజిత స్టీలు గ్లాసుల్లో పోసి ఇచ్చింది. చెరుకు కొట్టేవాళ్లు వరసగా వచ్చి వంగి దోసిలి పడితే, చెంబు ఎత్తి పట్టుకుని పైనుంచి ధారగా పోసింది. చెంబు అంచు ఎవరి చేతికీ తగలలేదు.

"ఎంత పొందికగ పోస్తున్నదో సూడు నా బంగారం! ఎవ్వలు నేర్పకున్నా వచ్చింది," అని మురిసిపోయింది మనోరమ.

ఎవరూ నేర్పలేదన్నది నిజమే. ఆ ఇంట్లో ఆ సంగతి నోటితో ఎవరూ అనరు. అనాల్సిన అవసరమే రాలేదు. పెద్దవాళ్లు దాచామనుకున్నవన్నీ పిల్లలు చక్కగా చూసి పట్టేస్తారు.

అంతలో మంచును చీల్చుకుంటూ చెరుకు ట్రాక్టరు వచ్చింది. తోలుతున్న చందర్ పక్క నుంచి అతని కూతురు స్నిగ్ధ దుమికింది. జహీరాబాద్‌లో పూజితకూ స్నిగ్ధకూ ఒకటే బడి, ఒకటే బెంచీ. ఒకరి డబ్బాలోది ఇంకొకరు లాక్కుని తినకుండా ఏ మధ్యాహ్నమూ గడవదు. స్నేహితురాలిని చూడగానే పూజిత గంతులేస్తూ ఎదురెళ్లింది.

"స్నిగ్ధా, జల్ది రా! దోసిలి పట్టు, నీకు శాన పోస్త!"

చెంబు అప్పటికే తలకంటే పైకి లేచింది.

స్నిగ్ధ ఆ చెంబు వంక చూసింది. చుట్టాల పిల్లల చేతుల్లోని గ్లాసుల వంక చూసింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నాకు దూప అయితలేదు," అని, దాహమే లేనట్టు మళ్లీ ట్రాక్టరెక్కి కూర్చుంది. చందర్ చెరుకు దింపించి, బండి తిప్పుకుని పోయాడు.

త్రివేణికి ఆ హాయి అంతా ఒక్కసారిగా దిగిపోయింది.

"అమ్మా, స్నిగ్ధ నాతోని ఎందుకు మాట్లాడలే? రేపు బడిల నా పక్కన కూసుంటదా?" అంది పూజిత, ట్రాక్టరు పోయిన వైపే చూస్తూ.

"గ్లాసులు తక్కువున్నయి గద బిడ్డా. అందుకే కొందరికి దోసిట్ల పోస్తం. గదే దానికి కోపమొచ్చినట్టుంది."

పూజిత మంచం పక్కనున్న బుట్ట వంక చూసింది. అందులో కడిగి బోర్లించిన గ్లాసులు బోలెడున్నాయి.

"మరి గవేంది?"

త్రివేణి చెప్పిన అబద్ధం అంతసేపే బతికింది.

మంచు విడిచినా మధ్యాహ్నం దాకా ఆమెకు అంతా మసకగానే ఉంది. పాకం తిప్పే చప్పుడు కలలో వినిపిస్తున్నట్టుంది. కులం అన్న మాట ఆ చిన్న చెవిలో వేయడానికి నోరు రావడం లేదు. చెబితే పిల్లకు లేనిపోనిది నేర్పినట్టవుతుందేమోనని భయం. కాని ఆ చెంబు లేచిన తీరు చూశాక ఇంకా కొత్తగా నేర్పడానికి ఏం మిగిలింది? చివరికి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"మన ఊర్లల్ల మనుషులను పుట్టుకతోనే ఎక్కువోళ్లు, తక్కువోళ్లు అని ఏరు జేసిన్రు. దాన్ని కులం అంటరు. తక్కువోళ్లు అనుకున్నోళ్లకు చెంబు తగలొద్దని పైనుంచి పోస్తరు. గది అబద్ధం బిడ్డా. శాన పాత అబద్ధం."

పూజిత తల్లి మొహంలోకి చూసింది. "అంటే నేను స్నిగ్ధను తక్కువది అన్ననా?"

"నోటితోని అనలే. చెంబుతోని అన్నవ్."

పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. మనోరమ నడుం పట్టుకుని లేచి వచ్చింది.

"పసిపిల్లకు గివన్ని ఎందుకు చెప్తున్నవే?"

"ఎట్ల పొయ్యాల్నో మనల జూసే నేర్సుకున్నది అత్తమ్మా. ఎందుకు పొయ్యొద్దో గూడ మనమే చెప్పాలె," అంది త్రివేణి. అత్తగారికి ఎదురు చెప్పడం ఆమెకు అదే మొదలు.

పొద్దుగూకుతుంటే మళ్లీ మంచు దిగింది. తల్లీకూతుళ్లు స్నిగ్ధ వాళ్ల వాడకు బయలుదేరారు.

"బెల్లం తీస్కపోదామా అమ్మా?"

"వద్దు. మనం ఇయ్యనీకి పోతలేం."

స్నిగ్ధ తల్లి ప్రియదర్శిని గడపలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది. వీళ్లను చూసి లేచింది.

"పొద్దున మాతోని తప్పయింది, ప్రియదర్శినీ," అంది త్రివేణి. "అసలు సంగతి నా బిడ్డకు గియ్యాల చెప్పిన."

ప్రియదర్శిని గొంతులో కోపం లేదు. "మీరు గియ్యాల చెప్పిన్రు అక్కా. నేను నా బిడ్డకు బడిల ఎయ్యకముందే చెప్పుకున్న. ఎవలన్న గట్ల చెంబు ఎత్తితే చేతులు ఎనకకు పెట్టుకో, దూప లేదను, ఏడ్వకు అని. గప్పుడు దానికి నాలుగేండ్లు."

త్రివేణికి పొద్దున వెనక్కి పోయిన ఆ రెండు చేతులు కళ్లముందు కదిలాయి. ఇంతకాలం ఒక ఇంట్లో చెప్పకపోతే, ఇంకో ఇంట్లో ఆ మాట అంత చిన్నప్పుడే చెప్పాల్సి వచ్చింది. ఆమెకు సిగ్గేసింది.

పూజిత తల్లి చెయ్యి వదిలి, లోపల నీళ్ల బిందె దగ్గరున్న స్నిగ్ధ ఎదుటికి పోయింది. వంగి దోసిలి పట్టింది.

"నువ్వు గూడ పైనుంచి పొయ్యి. గప్పుడు బరాబర్ అయితది."

స్నిగ్ధ చెంబు ముంచి ఎత్తింది. ఎత్తి అలాగే పట్టుకుని తల్లి వంక చూసింది. ప్రియదర్శిని కలగజేసుకోక, సగంలో వదిలిన బట్టల మడత అందుకుంది. చెంబు మెల్లగా కిందికి దిగింది. స్నిగ్ధ గూట్లోంచి గ్లాసు తీసి, నిండా పోసి, దాన్ని తెచ్చి పూజిత దోసిట్లో పెట్టింది.

"మా ఇంట్ల అందరికి గ్లాసే," అంది.

పూజిత గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. "రేపు నా పక్కన కూసుంటవా?"

"ముందు తాగు," అంది స్నిగ్ధ.