ఎవరి కత్తి వాళ్లదే

అబిగయీలు రొయ్యల కుప్ప మీదికి ఒరిగిపోయినప్పుడు ఆమె రవిక పాలతో తడిసి ఉంది. కాన్పయి నెల కూడా నిండలేదు. ఒళ్లు కాలిపోతోంది. కరోనా రెండో విడత ఊళ్లను ఊడ్చేస్తున్న కాలమది. కృష్ణపట్నం రోడ్డు మీది మా షెడ్డులో మాత్రం రొయ్యలు ఒలిచే చేతులు ఆగలేదు.

కాంట్రాక్టరు పెంచలకృష్ణ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంటికి తీసకపోండి. రేపు రాకపోతే ఆ చోటు ఇంకొకరికిస్తా."

"పచ్చి బాలింతయ్యా. జొరం తగ్గిందాకా జీతమిచ్చి ఇంట్లో ఉండనియ్యి" అన్నాను.

"జీతమేంది రెబెక్కమ్మా? కత్తి నీది, పీట నీది. మీరంతా సొంత యాపారస్తులు. అంగడి మూసుకున్నోడికి జీతం ఎవురిస్తారు?"

సొంత కత్తి అని గొప్పలు పోయింది మేమే. పిడికి ఎవరి రంగు దారం వాళ్లు చుట్టుకుంటాం. అమ్మ కత్తి కూతురికొస్తుంది. నాది ఎర్రదారం. ఇంకొకరు ముట్టుకుంటే తగవే.

మా అక్క రెజీనా మొదటి విడతలో ఇలాంటి జ్వరంతోనే, చోటు పోతుందని, కత్తి కొంగున చుట్టుకుని ఆటో ఎక్కింది. ఆ కొంగే నాకు ఆఖరు చూపు. షెడ్డు నుంచి ఆసుపత్రికి, అటు నుంచి అటే మట్టిలోకి. అప్పటి నుంచి ఏ బండి కదిలినా నాకు గుండె దడ.

అబిగయీలు పడిపోయిన వారమే ఫేబీ తిరిగి పనిలోకి వచ్చింది. కాటా దగ్గర కుర్చీలో కూర్చుని తూకం చూసే పిల్ల, కంపెనీ నేరుగా జీతమిచ్చే మనిషి. కాన్పుకు నెలల తరబడి జీతంతో ఇంట్లో ఉంది. బుగ్గలు నిండాయి. రొయ్య ముల్లు గుచ్చుకోని ఆ వేళ్లను చూస్తుంటే నా కడుపు మండిపోయింది.

"ఆమె కనింది బిడ్డ, మనం కనింది రొయ్యపిల్లా?" అంది పక్క పీట చెంచమ్మ, ఫేబీకి వినపడేలా.

సాయంత్రం అందరం అబిగయీలు ఇంటి ముందు చేరాం.

"ఫేబీ జీతం కొయ్యమని అడగదాం" అంది చెంచమ్మ.

"అడగాల్సిందే. మనకు లేంది దానికెందుకు?" అన్నాను నేను.

లోపల చాప మీద నుంచి అబిగయీలు గొంతు వచ్చింది. "ఆమెది పీకేస్తే నాకు జొరం తగ్గతాదా పెద్దమ్మా? ఆమెకిచ్చినట్టే మనకీ ఇయ్యమనండి."

ఈ కథ వింటున్న పిల్లలారా, కడుపుమంట చెడ్డదని మీకు చెప్పి ఉంటారు. ఎవరి మీద మండాలో తెలియనంతవరకే అది చెడ్డది.

"ఎట్టిస్తాడు? కత్తి మనదంట కదా" అంది చెంచమ్మ.

"అయితే కత్తులు ఆయన గుమ్మంలోనే పారేద్దాం. ఆయన కత్తి ఆయన్నే తెమ్మందాం" అన్నాను.

తెల్లారి షెడ్డు గుమ్మంలో కత్తులన్నీ కుప్పపోశాం. చెంచమ్మ పెట్టినట్టే పెట్టి మళ్లీ తీసుకుంది. అమ్మ కత్తి కదా. చివరికి కళ్లు మూసుకుని వదిలేసింది. రొయ్యల లారీ వచ్చింది. మేం చేతులు కట్టుకుని నిలబడ్డాం.

"పనుందంటివి, వచ్చినాం. కత్తియ్యి, పీటెయ్యి. జొరమొస్తే, కానుపొస్తే జీతమియ్యి" అన్నాను పెంచలకృష్ణతో.

"ఏంది మే, ఫేబీని చూసి కుళ్లుకుంటా ఉండారా?"

"కుళ్లే. దానికి మందు నీకాడే ఉండాది" అంది చెంచమ్మ.

ఐసు కరిగింది. మధ్యాహ్నానికి కంపు రోడ్డెక్కింది. పెంచలకృష్ణ ఫోను చేస్తే వచ్చి జీపు దిగిన ఎస్సై కత్తుల కుప్పను బూటుతో కదిపాడు.

"మారణాయుధాలు. ఎవరివి?"

నిన్నటిదాకా నాది నాది అని కొట్టుకున్న నోళ్లు ఒక్కటయ్యాయి. "షెడ్డువి సార్."

వెనక కుర్చీ జరిగిన చప్పుడు. ఫేబీ లేచి నిలబడింది. "షెడ్డువే సార్" అంది.

"నీవేనా?" ఎస్సై పెంచలకృష్ణ వైపు తిరిగాడు.

అవునంటే మేం ఆయన కూలీలం, జీతం ఇవ్వాల్సిందే. మింగలేక కక్కలేక చివరికి నన్ను చూపించాడు. "ఎర్రదారం కత్తి ఆ ముసల్దాన్ది సార్. అంతా దాని పనే."

నన్ను జీపెక్కించారు. బండి కదలగానే పాత దడ మొదలైంది. వెనక్కి చూశాను. ఎవరూ దూరమైపోలేదు. ఫేబీ చెయ్యి పట్టుకుని చెంచమ్మ, ఆ వెనక షెడ్డు షెడ్డంతా జీపు వెంట నడుస్తోంది.

స్టేషన్ గేటు దగ్గర కానిస్టేబుల్ అడ్డుపడ్డాడు. "పనిలోకి పోండి మే."

"అబిగయీలుకు జీతమొచ్చిందాకా, మా రెబెక్కమ్మ బయటికొచ్చిందాకా ఈడనే కూర్చుంటాం" అంది చెంచమ్మ, ఖాళీ అరచేతులు చాపి. "పనెట్ట చేసేది సార్? మా కాడ కత్తుల్లేవు."