ఉగ్గుగిన్నెడు నీళ్లు

బలిపీఠం గుడ్డలను అనసూర్య ఎన్నడూ బయట ఆరేయదు. ఆ వీధిలో తెల్ల గుడ్డ తీగమీద ఒక గంట ఉంటే చాలు, బొగ్గు దుమ్ముతో బూడిదరంగుకు తిరుగుతుంది. అందుకే లోపలి గదిలో మంచానికీ బీరువాకీ మధ్య తాడు కట్టి ఫ్యాను కింద ఆరేస్తుంది. పన్నెండేళ్లుగా ఇదే పద్ధతి. నెలకోసారి ఫాదర్ ఎక్కడో దూరం నుంచి రైల్లో వచ్చి, రామగుండంలో దిగి, వాళ్ల రేకుల గుడిలో పాత పద్ధతిలో లాటిన్ పూజ చేసి వెళ్తాడు. పూజలో వాడిన గుడ్డలకు మొదటి నీళ్లు ఆయనే పోస్తాడు. తర్వాతి సబ్బూ గంజీ ఇస్త్రీ అనసూర్యవి. మొదటిసారి ఆమె బకెట్ తెచ్చినప్పుడు భర్త శౌరయ్య చెప్పాడు: "మొదటి నీళ్లు ఆడోళ్లు పొయ్యద్దు. రెండో నీళ్ల సంది నీయి." ఆ మాట ఆమెకు తప్పుగా తోచలేదు. పవిత్రమైన దానికి ఒక క్రమం ఉండాలి కదా అనుకుంది. ఇప్పటికీ అలాగే అనుకుంటుంది. కాకపోతే మొదటి నీళ్లు గ్లాసెడు, రెండో నీళ్లు నాలుగు బకెట్లు అన్న సంగతి ఆమె నడుముకు తెలుసు.

ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి ఆమె గంజి పెట్టిన గుడ్డను పిండుతుంటే శౌరయ్య మొదటి షిఫ్టు దిగి వచ్చాడు. చెప్పులు విప్పకుండానే అడిగాడు.

"దవాఖానల ఏం జేసినవే నువ్వు?"

సంగతి గని దాకా పాకిందన్నమాట. ఆమె గుడ్డను తాడుమీద పరిచి, అంచులు సరిచేసింది.

గోదావరిఖనిలోని ఒక ప్రైవేటు కాన్పుల దవాఖానలో అనసూర్య తొమ్మిదేళ్లుగా ఆయా. బాలింతల గుడ్డలు మార్చాలి, గదులు తుడవాలి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను ఉంచే అద్దాల గదిలో నర్సుకు చేతికింద ఉండాలి. ఎనిమిది గంటల డ్యూటీలో ఆమె కూర్చోవడానికి స్టూలు ఉండదు. ఆయాలు కూర్చుంటే చూసేవాళ్లకు బాగుండదని సూపర్‌వైజరు అంటుంది. ఆ ఉదయం అద్దాల గదిలో ఉన్నది శౌరయ్య పాత స్నేహితుడు ముత్యం మనుమరాలు. ముత్యం కోడలు దీపకు ఏడో నెలలోనే పుట్టిన ఆడపిల్ల, కిలో బరువు కూడా లేదు. రెండు రోజులుగా కొట్టుమిట్టాడుతోంది. అనసూర్య డ్యూటీ ఎక్కగానే దీప ఆమె కొంగు పట్టుకుంది. కడుపుమీద కుట్లతో లేవలేని స్థితి. "అత్తా, నన్ను లోపలికి పోనిస్తలేరు. ఏమన్నయితే నువ్వే నీళ్లు పొయ్యి. లూర్దు అని పేరు పెట్టు" అంది.

పదకొండు గంటలప్పుడు బిడ్డ రంగు మారింది. నర్సు చూసి, ఇంక అయిపోయినట్టే అంటూ డాక్టరుకు చెప్పడానికి పరుగెత్తింది. అనసూర్య ఒక్కతే మిగిలింది. చేతికి అందేంత దూరంలో ఉగ్గుగిన్నె ఉంది, కాచి చల్లార్చిన నీళ్లున్నాయి. చావు ఆపదలో ఫాదర్ అందుబాటులో లేకపోతే ఎవరైనా, ఆడదైనా సరే, జ్ఞానస్నానం ఇవ్వవచ్చని జ్ఞానోపదేశం పుస్తకంలో ఉంది. ఆదివారాలు గుడిలో ఆ పాఠం చెప్పేది శౌరయ్యే. ఆమె ఆ చిన్న తలమీద మూడుసార్లు నీళ్లు పోసింది. "లూర్దూ, పితా పుత్ర పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను" అంది. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. ఆమె పెళ్లికోసం జ్ఞానస్నానం తీసుకున్న మనిషి. అత్త బతికున్నన్నాళ్లూ ఆమెను "నిన్నమొన్న నీళ్లు పడ్డది" అనే అనేది. జపాలన్నీ నోటికి నేర్చుకున్నా, లాటిన్ జవాబులు తెలుగు అక్షరాల్లో రాసుకుని కాలనీ పిల్లలందరికీ నేర్పినా, ఆ మాట పోలేదు. డాక్టరు వచ్చి గుండె దగ్గర గొట్టం పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

ఇది ఇంకెవరి బిడ్డయినా శౌరయ్య మెచ్చుకునేవాడేమో. ముత్యం మనుమరాలు కావడమే చిక్కు. ముత్యం, శౌరయ్య పదిహేనేళ్లు ఒకే గనిలోకి ఒకే షిఫ్టులో దిగినవాళ్లు, బావా అంటే బావా అనుకున్నవాళ్లు. ఊళ్లో అందరూ పోయే, తెలుగులో పూజ జరిగే విచారణ గుడి వదిలి, పాత పూజ కోసం ఈ రేకుల గుడి నిలబెట్టింది ఆ ఇద్దరే. ఫాదర్ రాని ఆదివారాలు శౌరయ్య జపమాల నడిపించి ప్రసంగం చదివేవాడు. అట్లా చదువుతూ చదువుతూ గుడికి పెద్ద అయ్యాడు. కిందటేడు ముత్యం నలుగురిలో ఒక మాట అన్నాడు. "నెలకొక్కపూట అన్నం పెట్టి, కడమ మూడు వారాలు ఇస్తరాకు చూసుకుంట కూసోమంటే ఎట్ల బావా? ఆ గుడిల సుత ఉన్నది గా యేసుప్రభువే గదా?" అందరూ నవ్వారు. శౌరయ్య నవ్వలేదు. ముత్యం ఆ మూడు వారాలూ విచారణ గుడిలో పూజకు పోవడం మొదలుపెట్టాడు. ఈ గుడికే కట్టుబడి ఉంటామనీ, ఆ గుడి మెట్లెక్కమనీ శౌరయ్య ఒక కాగితం రాయించాడు. పదకొండు ఇళ్ల యజమానులు సంతకాలు పెట్టారు. ముత్యం పెట్టలేదు. గుడి తాళంచెవి అతని దగ్గరి నుంచి తెప్పించారు, గుడి ఇళ్ల జాబితాలో అతని ఇంటిని కొట్టేశారు.

అనసూర్యకు ఇద్దరి మాటల్లోనూ నిజం కనిపించింది. పాత పూజలో ఫాదర్ వీపు తిప్పి నిలబడి, మాట వినబడకుండా పోయే ఆ కాసేపు ఆమెకు ప్రాణం. అప్పుడు ఎవరూ ఆమెను దేనికీ పిలవరు, పాలు పొంగవు, దవాఖాన బెల్లు మోగదు. కానీ మిగతా మూడు ఆదివారాల ఆకలి కూడా ఆమెకు తెలుసు. ఆమె ఏమనుకుంటోందో ఎవరూ అడగలేదు.

శౌరయ్య మంచంమీద కూర్చుని నీళ్లు తాగి, నిమ్మళంగానే చెప్పాడు. బిడ్డను గుడి సమాధుల దొడ్డిలో, పోయిన తన భార్య సమాధి పక్కన పెట్టనివ్వాలని ముత్యం నేరుగా ఫాదర్‌కే ఫోను చేశాడట. బిడ్డ ఏ కాగితంమీదా సంతకం పెట్టలేదు కదా, జ్ఞానస్నానం అయిందా లేదా అన్నదొక్కటే చూడాలి అని ఫాదర్ అన్నాడట. అయితే దొడ్డి లోపల, కాకపోతే బయట. ఆరింటికి ఫోను చేసి అనసూర్యనే అడుగుతానన్నాడట.

"నర్సు అయిపోయిందన్నది. డాక్టరు వచ్చి పోయిందన్నడు. నడుమ నీకేం ఎరుక? నీళ్లు పోసేటాళ్లకే పానం పోయినట్టుండె అను. గంతే."

"అబద్ధమైతది" అంది ఆమె.

"అబద్ధమని ఎట్ల జెప్తవ్? నువ్వు డాక్టరువా?" ఆ తర్వాత చాలాసేపు నచ్చజెప్పాడు. ఇవాళ వీళ్లకు జాగా ఇస్తే సంతకం పెట్టిన పదకొండు ఇళ్లకు ఏం జవాబు చెప్పాలి, కాగితానికి ఇజ్జత్ ఏం ఉంటుంది అన్నాడు. దవాఖానలో ఈ సంగతి తెలిస్తే ఆమె నౌకరి కూడా ఉండదన్నాడు. చివరికి, మనం మాట ఇచ్చి సంతకం పెట్టినవాళ్లం అన్నాడు.

"మీరు పెట్టిండ్రు. నన్నెవలు అడగలే."

ఆయన ఆమెవైపు వింతగా చూసి, స్నానానికి లేచాడు.

అనసూర్య పొయ్యి దగ్గర కూర్చుంది. ఆయన మాటల్లో ఒకటి మాత్రం ముల్లులా దిగింది. నీకేం ఎరుక? నిజంగా తనకేం తెలుసు? ఈ ఇంట్లో కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె చూసినది ఎప్పుడూ సరిగ్గా చూసినట్టు కాలేదు. కూరలో ఉప్పు సరిపోయిందని ఆమె అంటే చాలదు, ఇంకొకరు రుచి చూడాలి. జ్వరం అంటే ఒళ్లు నొప్పి అనేవారు. దవాఖానలో బిడ్డ నీలం తిరిగిందని ఆమె చెబితే నర్సు వచ్చి చూసేదాకా అది నీలం కాదు. అట్లాంటప్పుడు పొద్దున తను చూసింది చూపేనా, లేక ఆశా? ఆమె ఆ క్షణాన్ని మళ్లీ మళ్లీ తిప్పి చూసుకుంది. మొదటిసారి పోసినప్పుడు బిడ్డలో ఏ కదలికా లేదు. రెండోసారి నీళ్లు చెవి పక్కనుంచి జారిపోయాయి. మూడోసారి, చల్లదనం తగిలినప్పుడు, వక్కపలుకంత ఆ నుదురు ముడిచింది. ముసలమ్మ వెలుతురుకు కళ్లు చికిలించినట్టు ముడిచి, మెల్లగా విడిచింది. అది ఆమె మనసు కల్పించినదైతే అంత చిన్నగా ఉండేది కాదు. ఆశపడితే ఏడుపు వినబడేది, చెయ్యి కదిలేది. ఒక ముడత, ఒక విడుపు. ఎవరూ ఆశపడనంత తక్కువ. అంటే అది జరిగింది.

శౌరయ్య తల తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

"మన బిడ్డకే లేకపాయె జాగ. వాని మనుమరాలికి గావాల్నా?"

ఇరవై రెండేళ్లలో ఆయన ఆ బిడ్డ ఊసెత్తడం ఇదే మొదటిసారి. అప్పుడు వాళ్లు మందమర్రి అవతల ఊళ్లో ఉండేవాళ్లు. తొలిచూలు ఆడపిల్ల, రెండో రోజుకే ఊపిరి బరువైంది. ఫాదర్‌కు కబురు పంపారు, ఆయన జ్వరంతో ఉండి బస్సు దొరకక మర్నాటికి చేరాడు. బిడ్డ అప్పటికే పోయింది. జ్ఞానస్నానం కాలేదు గనుక సమాధుల దొడ్డి కంచె బయట, తుమ్మచెట్ల వైపు పాతిపెట్టారు. ఐదేళ్లకు ఓపెన్‌కాస్టు గని తవ్వడం కోసం ఊరు తీసేసినప్పుడు కంచె లోపలి సమాధులను ప్రార్థన చేసి కొత్త చోటికి మార్చారు. కంచె బయటివి లెక్కలోకి రాలేదు. ఇప్పుడక్కడ మూడు వందల అడుగుల గొయ్యి. ఆ బిడ్డ ఏ లారీలో ఏ మట్టి దిబ్బకు చేరిందో దేవుడికి తెలియాలి.

భర్త ముఖంలో ఆ గొయ్యి ఇంకా ఉందని అనసూర్యకు ఆ సాయంత్రం తెలిసింది. జాలి వేసింది. ఆ జాలితోనే ఆయన అడిగింది చెప్పేస్తానేమోనని తనకే భయం వేసింది.

సరిగ్గా ఆరింటికి ఫోను మోగింది. శౌరయ్య స్పీకరు పెట్టి ఆమె ముందు పట్టుకున్నాడు.

"అమ్మా, బాగా ఆలోచించుకుని చెప్పు. నువ్వు నీళ్లు పోసినప్పుడు బిడ్డకు ప్రాణం ఉందా?"

"ఉన్నది ఫాదర్. మూడోమాటు పోసినప్పుడు నుదురు ముడిసింది. నేను చూసిన."

పోసేటప్పుడు ఏ మాటలన్నావు, నీళ్లు పారాయా, పేరు ఏం పెట్టావు అని అడిగాడు. ఆమె చెప్పింది. దేవుడికి స్తోత్రం, బిడ్డను లోపలే పెట్టండి, శౌరయ్యా, రేపు పొద్దున ప్రార్థన నువ్వు చెప్పు అన్నాడు ఫాదర్. ఫోను ఆగిపోయింది.

"నేను రాను" అన్నాడు శౌరయ్య. ఫోను మంచంమీద పడేసి గోడవైపు తిరిగాడు. "నా ఇజ్జత్ తీసినవ్."

అనసూర్య లేచి ఆయన ఎదురుగా నిలబడింది. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. పొద్దున ఉగ్గుగిన్నె పట్టుకున్నప్పటి నుంచీ లోపలే ఉన్నట్టుంది.

"ఒక్కటి అడుగుత. ఎవలైనా నీళ్లు పొయ్యొచ్చని, మన బిడ్డప్పుడు మీకు ఎరుకేనా?"

ఆయన తల తుడుచుకున్న తువ్వాలును మడిచి మంచం కోడుమీద వేశాడు.

"ఎరుకే" అన్నాడు. "చిన్నప్పుడే నేర్పిండ్రు. నేను గిన్నె పట్టుకున్న. ఫాదర్ వస్తుండు గదా, నువ్వేం పెద్దమనిషివని పోస్తవ్ అన్నది అవ్వ. నేనాగిన."

ఇరవై రెండేళ్లు ఆమె రాని బస్సును తిట్టుకుంది, ఫాదర్ జ్వరాన్ని తిట్టుకుంది, పక్కగదిలో బాలింత మంచంమీద పడుకుని ఏమీ తెలియని తనను తాను తిట్టుకుంది. గోడకు ఇటు ఆమె ఉంది, అటు నీళ్లున్న గిన్నె ఉంది, తెలిసిన మనిషి ఉన్నాడు. ఆయన తల్లి మాట విన్నాడు. అప్పుడూ ఆయన ఎవరికో కట్టుబడే ఉన్నాడు. అనసూర్య అరవలేదు. అరవడానికి ఆ బిడ్డ వయసు చాలా చిన్నది, ఆ గొయ్యి చాలా లోతు.

ఆమె కొంగు తలమీదికి లాక్కుని చెప్పులు వేసుకుంది. దీప దవాఖాన మంచంమీద జవాబు కోసం ఎదురుచూస్తుంటుంది. గుమ్మం దాటబోతూ ఆగి, వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"పొద్దుగాల గుంత కాడ ప్రార్థన నేను చెప్త. లూర్దుకు అయినంక మన బిడ్డకు సుత చెప్త. మీరొస్తే రాండ్రి."