ఇంజిన్‌కి స్నానం

మా అత్తయ్య తప్కిగెన్‌కి వారానికి రెండుసార్లు, మంగళ శుక్రవారాల్లో, ఎల్డోరెట్ పెద్దాసుపత్రిలో రక్తం శుద్ధి చేస్తారు. పొద్దున్న ఎనిమిదికల్లా మంచం మీద ఉండాలి. లేకపోతే ఆ యంత్రం పక్కమంచానికి వెళ్లిపోతుంది, మళ్లీ వాయిదా దాకా మనవైపు చూడదు. ఒక వాయిదా తప్పితే ఆవిడ కాళ్లు పొంగుతాయి, రెండు తప్పితే ఊపిరాడదు. డాక్టరు ఈ సంగతి నాకు మూడు భాషల్లో చెప్పాడు, ఏదో ఒక భాషలో తేలిగ్గా తీసుకుంటానేమోనని.

మేముండేది కెరియో లోయలో, బిరెట్వోలో. ఆసుపత్రి గట్టు మీద. మధ్యలో తంబాచ్ ఎక్కుడు, పాములా మెలికలు తిరిగిన దారి. కిక్కిరిసిన మటాటు వ్యానుకి అత్తయ్య నడుము ఒప్పుకోదు. అందుకే మా ఆయన కిసోరియో, జపాన్ నుంచి దిగిన పాత టర్బో కారొకటి కొన్నాడు. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని కూరి కూరి పంపే చిన్న చక్రం. మా పెళ్లిళ్లలో వద్దు వద్దంటున్నా పళ్లెంలోకి ఇంకో ముద్ద ఉగాలి సంకటి తోసే పెద్దమ్మ లాంటిది. ఆవిడ ఉంటేనే గట్టెక్కే బలం వస్తుంది.

ఆ మంగళవారం ఎక్కుడు సగంలో ఉండగా కారులో పసుపు దీపం వెలిగింది. ఎంత తొక్కినా బండి కదలాలా వద్దా అని ఆలోచిస్తోంది తప్ప కదలడం లేదు. వెనక నల్లపొగ. అప్పుడే, ఇటెన్ ఊళ్లో శిక్షణ తీసుకునే పరుగువీరులు నలుగురు మా పక్కనుంచి తాపీగా మమ్మల్ని దాటిపోయారు.

"చామ్‌గే, కోగో!" అన్నాడు చివరివాడు, అత్తయ్యకి చెయ్యూపి. మా వైపు పెద్దావిడ ఎవరైనా అందరికీ కోగోయే, అంటే నాయనమ్మే.

అత్తయ్య కిటికీలోంచి తల బయటపెట్టింది. "చామ్‌గే మిసింగ్, నాయనా! నన్ను వీపునేసుకుని పోరాదూ? దీనికంటే నువ్వే నయం!"

"మోసేవాణ్ణే కోగో, కోచ్ బరువులెత్తొద్దన్నాడు!"

"చూశావా, బరువట నేను!" అంది నాతో, పొగడ్త విన్నట్టు.

ఎనిమిదీ పదికి చేరాం. నర్సు కాళ్లు పట్టుకున్నంత పనిచేశాను. ఆవిడ మంచి మనిషి కాబట్టి ఆ రోజు గడిచింది.

అత్తయ్య మంచం మీదుండగా నేను దగ్గర్లోని గ్యారేజీకి వెళ్లాను. నల్లకళ్లద్దాల మెకానిక్ ఒక చిన్న పెట్టెని కారుకి తగిలించి, తెర మీద పడ్డ కోడ్ చూపించాడు. P0299.

"గాలి ఒత్తిడి చాలట్లేదు మేడమ్. టర్బో పోయింది. నైరోబి నుంచి తెప్పించాలి, పది రోజులు."

పది రోజులంటే నాకు రోజుల్లో వినబడలేదు, మూడు వాయిదాలని వినబడింది. కోడ్ చెరిపి దీపం ఆర్పేసి పంపించాడు, దిగుడు కాబట్టి ఇల్లు చేరాం. చీకటి విడకముందే లోయలోకి దిగివచ్చే అద్దెకారువాడు ఒక్కడూ దొరకలేదు. బుధవారమంతా కిసోరియో ఫోన్లు చేశాడు. అత్తయ్య మాత్రం, "ఇన్నేళ్లు బతికాను, ఒక్క శుక్రవారం ఆగలేనా?" అంటూ దుప్పటి కింద కాళ్లు దాచుకుంది.

గురువారం కిసోరియో పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లగానే నేనొక్కదాన్నే కారు తీసుకుని బయల్దేరాను. ఎక్కుడు మొదట్లోనే దీపం మళ్లీ వెలిగింది. పాకుతూ పాకుతూ ఇటెన్ చేరి, సంతవీధి చివర రేకుల కింద పనిచేసే చెసిరే దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లు పాల లారీలు బాగుచేసిన మనిషి. ఆయన రాగానే ఏ పెట్టే తగిలించలేదు. బోర్లించిన క్రేటు మీద కూర్చోబెట్టి నన్నే అడగడం మొదలుపెట్టాడు.

"చదును మీద బాగా పోతుందా, కిబెట్ అమ్మా?" కిబెట్ మా పెద్దాడు.

"పోతుంది."

"ఎక్కేటప్పుడే మొరాయిస్తుందా? పొగ?"

"మా అత్తయ్య పొయ్యికి మించి."

"చప్పుడేమన్నా?"

"బుస్సుమంటుంది. పాముందేమోనని ఒకసారి ఆపి చూశాను కూడా."

ఆయన నవ్వి బానెట్ ఎత్తాడు. "కోడ్ అబద్ధం చెప్పదమ్మా. ఇంట్లో గాలి తగ్గిందనే అది చెప్పింది. ఎవరెత్తుకుపోయారో చెప్పలేదు. ఆ కుర్రమెకానిక్ జ్వరం చూసి గుండె మార్చమన్నాడు."

గొట్టం విప్పి, లోపలి టర్బో చక్రాన్ని వేలితో తిప్పాడు. సాఫీగా తిరిగింది. అటూ ఇటూ కదిపితే కదల్లేదు. "ఇది నిక్షేపంలా ఉంది." తర్వాత గొట్టం విప్పిన ఆ టర్బో నోటికి ఒక ప్లాస్టిక్ సీసా బిగించాడు. సీసా మూతకి సైకిల్ ట్యూబు వాల్వు అతికించి ఉంది. టైర్లకి గాలికొట్టే పంపు దానికి తగిలించి, "సబ్బునీళ్లున్నాయా?" అన్నాడు.

నా డిక్కీలో సబ్బు, బకెట్టు, బ్రష్షు, మూడు రకాల గుడ్డలు ఎప్పుడూ ఉంటాయి. ఆయన వాటిని చూసి కనుబొమ్మలెత్తాడు. నేను పంపు కొడుతుంటే ఆయన గొట్టాలన్నిటి మీదా నురుగు రాసుకుంటూ పోయాడు. టర్బో నుంచి గాలి చల్లబడే పెట్టెకి వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం అడుగున, కంటికి కనబడని చోట, బుడగలు కుప్పలుగా లేచాయి.

"దొరికాడు దొంగ!"

గొట్టం ఊడదీశాడు. ఉడికిన సుకుమా ఆకుకూర కాడలా మెత్తగా, ఉబ్బి ఉంది. అడుగున బెత్తెడు చీలిక. ఇంజిన్ నెమ్మదిగా తిరిగినప్పుడు మూసుకుని, ఒత్తిడి పెరిగితే నోరు తెరుస్తుంది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని నావైపు చూశాడు.

"కిబెట్ అమ్మా, ఈ ఇంజిన్‌కి స్నానం ఎవరు చేయిస్తారు?"

లోయ ఎర్రదుమ్ము సంగతి ఆయనకి తెలియంది కాదు. ప్రతి శనివారం కార్లు కడిగేచోట ఇంజిన్ కూడా కడిగిస్తాను. కడిగాక మెరవడానికి వాళ్లు డీజిల్ చల్లుతారు, మా దగ్గర అందరూ చేయించేదే. నేనైతే ఇంటికొచ్చాక ఇంకోసారి డీజిల్ గుడ్డతో తుడుస్తాను. చర్చి దగ్గర బానెట్ ఎత్తితే ఆడవాళ్లు వాళ్ల మొగుళ్లని పిలిచి చూపించేవాళ్లు.

"నేనే," అన్నాను.

"రబ్బరు డీజిల్ తాగుతుందమ్మా. తాగితాగి ఇలా ఉబ్బుతుంది. ఇంజిన్‌కి దుమ్ముండనీ. అది వంటిల్లు కాదు."

నా శుభ్రం వల్ల అత్తయ్య వాయిదా పోబోయింది. ఆ క్రేటు మీద కూర్చుని నేను బకెట్టు వైపు చూడలేకపోయాను.

చెసిరే లారీ గొట్టం ముక్క ఒకటి కొలతకి కోసి, రెండువైపులా కొత్త క్లాంపులు బిగించి, మళ్లీ నురుగు రాశాడు. ఒక్క బుడగ లేవలేదు. అప్పుడు పెట్టె తగిలించి కోడ్ చెరిపాడు. ఇంతలో బడి వదలగానే అద్దె మోటారుసైకిలెక్కి కిసోరియో వచ్చిపడ్డాడు.

"ఏమైంది? టర్బోనేనా?"

"కాదు మాస్టారూ, గొట్టం."

"గొట్టం ఎందుకు పోయింది?"

నేను నా చెప్పుల్ని పరిశీలించాను. చెసిరే చేతులు తుడుచుకుంటూ, "వయసు," అన్నాడు. "రబ్బరు కూడా మనలాంటిదే." మా ఆయన తలూపి, రబ్బరు స్వభావం గురించి నాకు దారి పొడుగునా పాఠం చెప్పాడు. అంత కృతజ్ఞతతో నేను ఎప్పుడూ పాఠం వినలేదు.

శుక్రవారం నేనే నడిపాను. ఎక్కుడు మొదటి మెలిక, రెండోది, మూడోది. రోడ్డు కంటే ఆ దీపం ఉండే చోటే ఎక్కువ చూశాను. వెలగలేదు. కారు బుస్సుమనకుండా, వెనకనుంచి ఎవరో నెట్టినట్టు ఊపందుకుని ఎక్కింది. అత్తయ్య వాచిన పాదాలు సర్దుకుని, "మెల్లగా పోవే, ఆ పరుగు అబ్బాయిలు సిగ్గుపడతారు," అంది.

ఏడూ నలభైకి మంచం మీదుంది. నర్సు సూది గుచ్చి యంత్రం ఆన్ చేసింది. ఎర్రటి గొట్టాల్లో రక్తం తిరగడం మొదలైంది. నేను గోడకానుకుని నిలబడిపోయాను.

అప్పుడే చెసిరే ఫోన్ చేశాడు. "దీపం వెలిగిందా?"

"లేదు. కొంగోయ్, కొంగోయ్ మిసింగ్," అన్నాను. ధన్యవాదాలని ఎన్నిసార్లన్నా చాలినట్టు లేదు. నిన్న ఆయన దాచిపెట్టిన మాటకి కూడా చెప్పబోయాను.

"ఎవరు, గొట్టం ఆయనా? ఇటివ్వు," అంది అత్తయ్య, సూది లేని చెయ్యి చాపి. ఫోన్ అందుకుని ఆశీర్వదించడం మొదలుపెట్టింది. ఆయన చేతుల్ని, ఆయన ఆవుల్ని, ఆయన మనవల్ని, ఇంకా పుట్టని మునిమనవల్ని. మునిమనవల దగ్గర అవతల ఫోన్లో డబ్బులైపోయి లైను తెగింది.

"అత్తయ్యా, లైను పోయింది."

"పోతే పోయింది, సగంలో ఆపకూడదు," అని మిగతాది ఖాళీ ఫోన్‌లోకే పూర్తిగా చెప్పి, నాకందించింది.