అమ్మణ్ణిగారి అటక మీద రెండు కాయలు

ఆదివారం ఆదివారం పొద్దున్నే అమ్మణ్ణిగారు అటకెక్కి కాయలు తిరగేస్తారు. డెబ్బై దాటిన మనిషి, పైగా మోకాళ్ల నొప్పులు. అయినా నిచ్చెన పట్టుకోవడానికి కూడా ఎవర్నీ పిలవరు. కురిడీ కొబ్బరికి తొందర పనికిరాదు. ముదురు కాయని పీచుతో సహా అటక మీద పెట్టి, ఏడాది పాటు దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. లోపలి నీళ్లు మెల్లగా ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలి గుండులా విడివడుతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లొడలొడలాడుతుంది. అప్పుడు దించి, కొట్టించి, అంబాజీపేట కొట్లకి పంపిస్తారు. కోనసీమలో చాలా ఇళ్ల అటకల మీద జరిగే పనే ఇది.

అమ్మణ్ణిగారి అటక మీద మాత్రం తూర్పు వాసాల కింద ఇంకో వరస కాయలుంటాయి. అవి అమ్మకానికి కావు. ఊళ్లో ఎవరి మనసులోనైనా ఒక మాట ఇరుక్కుపోయి, ఎదటి మనిషితో అనలేక, మింగలేక అవస్థ పడుతుంటే, ఓ ముదురు కాయ చంకన పెట్టుకుని ఆవిడ ఇంటికొస్తారు. పెరట్లో నూతి పక్కన కూర్చుని, కాయ తొడిమ దగ్గర నోరు పెట్టి ఆ మాట చెప్పేస్తారు. అమ్మణ్ణిగారు వినరు. సరిగ్గా ఆ సమయానికి గేదెకి కుడితి పెట్టే పనో, పిడకలు ఎత్తే పనో ఆవిడకి గుర్తుకొస్తుంది. తర్వాత కాయ మీద సున్నంతో ఒక గుర్తు వేసి అటకెక్కిస్తారు. కొబ్బరితోబాటే మాట కూడా ఎండుతుంది. కాయ లొడలొడలాడిన రోజున దాని మనిషి వచ్చి ఊపుకుంటే, ఆ మాట అతని గొంతుతోనే వినిపిస్తుంది. కాకపోతే అప్పుడు వెక్కి వెక్కి ఏడుస్తూ చెప్పిన మాటే, ఇప్పుడు ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా వినిపిస్తుంది. అలా విన్నాక ఎవరితో అనాలో వాళ్లతో అనెయ్యడం, ఆ కొబ్బరిని బెల్లం ముక్కతో ఇద్దరూ కలిసి తినెయ్యడం ఆ ఊరి పద్ధతి.

దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. శివాలయం పూజారిగారి కాయ నాలుగు నెలలకే ఎండిపోతే, ఆయన బాధ ఆపాటిదేనని నవ్వుకున్నారు. పెదబాబు అత్తగారి మీద చెప్పుకున్న కాయ మూడేళ్లయినా నీళ్లు వదలకపోతే, పాపం అని జాలిపడ్డారు. అమలాపురంలో ఓ డాక్టరుగారు నిద్రపట్టనివాళ్లకి మాత్రలు రాసిచ్చి, వీలైతే ఓ కాయ కూడా పెట్టించండి అనేవారట.

రామతులసి ఆ ఊరి కోడలు, ఆ ఊరి హైస్కూల్లోనే లెక్కల టీచరు. భర్త శశిభూషణ్‌కి అమలాపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం. తొంభై ఎనిమిది జూన్‌లో ఆమెకి పెద్దాపురం బదిలీ అయింది. అయింది అనడం కంటే, తనే పట్టుబట్టి చేయించుకుంది అనడం నిజం. ఆర్డరు చేతికొచ్చాకే మొగుడికి చెప్పింది. అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆపి, "మంచిదేలే, పెద్ద ఊరు," అన్నాడు. వద్దంటాడేమోనని మనసులో ఓ మూల ఆశపడిందామె. ఆ ఆశ కూడా ఆ పూటతో సరి. సోమవారం వెళ్లి చేరాలి. మరిడమ్మ గుడి దగ్గర అద్దె గది కూడా కుదుర్చుకుంది. వెళ్తే మళ్లీ ఈ ఇంటికి కాపురానికి రాకూడదనే అనుకుంది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మొగుడూ పెళ్లాల మధ్య పోట్లాటలేం లేవు. అదే అసలు తంటా. తొంభై ఆరు నవంబరు తుఫానుకి ఊళ్లో చెట్లన్నీ నేలకొరిగాయి. ఆ మర్నాడు పొద్దున, ఎనిమిదో నెలలోనే తులసికి కాన్పయింది. దారులన్నీ చెట్లు పడి మూసుకుపోయాయి. ఆస్పత్రికి పోయే వీల్లేదు. మంత్రసాని తలుపులమ్మ ఒక్కతే పక్కనుంది. ఆడపిల్ల. పుట్టి ఏడవలేదు. ముందురోజు డ్యూటీలో చిక్కుకుపోయిన శశిభూషణ్, అమలాపురం నుంచి పడిన చెట్లు ఎక్కుతూ దిగుతూ నడిచి మధ్యాహ్నం కావస్తుండగా ఇంటికొచ్చాడు. దార్లో ఆలస్యమైందన్నాడు. అందరూ అయ్యో అన్నారు. ఆ తర్వాత ఆ రోజు మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పాలు తోడేశావా, కరెంటు బిల్లు కట్టారా, ఏడాదిన్నరగా ఇవే మాటలు. ఊళ్లోవాళ్లు మాత్రం వాళ్లది అన్యోన్యమైన కాపురం అనుకునేవారు.

తులసికి తెలిసిన సంగతి ఒకటుంది. ఆలస్యం దార్లో కాలేదు. ఆమె మంచం కిటికీ పక్కనే. వాకిట్లోని కొబ్బరి చెట్టు వేళ్లతో సహా లేచి వీధికి అడ్డంగా పడుంది. గోడ గడియారం పది కొట్టినప్పుడు, శశిభూషణ్ వచ్చి ఆ చెట్టు మీద కూర్చోవడం ఆమె చూసింది. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. ఓపిక చేసుకుని ఊచల దగ్గర చెయ్యెత్తింది. అతను తలెత్తి సరిగ్గా కిటికీ వంకే చూశాడు. చూసి తల తిప్పుకున్నాడు. లోపలికి రాలేదు.

జనవరిలో, పడిన ఆ చెట్టు కాయే ఒకటి తీసుకుని అమ్మణ్ణిగారి నూతి దగ్గర కూర్చుని ఆమె చెప్పుకున్నది ఆ ఒక్క మాటే: నన్ను చూసి కూడా మీరు రాలేదు.

ఆ చెట్టు సంగతీ అంతే. ఊరంతా పడిన చెట్లని కోయించి అమ్ముకుంటే శశిభూషణ్ దాన్ని ముట్టుకోనివ్వలేదు. రంపం పట్టుకొచ్చిన చిట్టియ్యని రెండుసార్లు వెనక్కి పంపేశాడు. పక్కింటివాళ్లు గోల పెడితే దారి మేరకి కోయించి, తమ గుమ్మం ఎదురుగా ఉన్న దుంగని అలాగే ఉంచేశాడు. స్కూలుకి వెళ్లేటప్పుడు తులసి రోజూ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దాన్ని దాటేది. తనని సాధించడానికే ఉంచాడనుకునేది.

ఊరొదిలి వెళ్లేవాళ్లు కాయని అటక మీద వదిలి వెళ్లకూడదు. అందుకని శనివారం బడి పని ముగించుకుని తులసి అమ్మణ్ణిగారి ఇంటికెళ్లింది. ఆవిడ టార్చిలైటు పట్టుకుని అటకెక్కి, చాలాసేపు అలికిడి లేకుండా ఉండిపోయి, ఉత్త చేతులతో కిందికి దిగారు.

"మొలకొచ్చిందమ్మా," అన్నారు, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "నీ కాయా, దాని పక్క కాయా రెండూ మొలిచాయి. వేళ్లు ఒకదాన్లోకి ఒకటి దూరిపోయాయి. నేనొక్కదాన్నీ లాగితే రెండూ పాడైపోతాయి."

"ఆ పక్కది ఎవరిదండీ అత్తయ్యగారూ?"

"అది నేను చెప్పకూడదు కదమ్మా. రేపు నాలుగింటికి రా. ఆ మనిషికీ కబురు పెడతాను. చెరో చెయ్యీ వేసి దించుకుందురుగాని."

ముప్పై ఏళ్లుగా ఆవిడ ఎవరి కాయ ఎవరిదో ఎవరికీ చెప్పలేదు. అడిగినందుకు తులసికే సిగ్గనిపించింది.

ఆదివారం భోజనాల దగ్గర శశిభూషణ్, సాయంత్రం పనుందని, కాస్త బయటికెళ్లొస్తానని అన్నాడు. సరేనంది. మొలకలు పెట్టుకోవడానికి ఓ గోనెసంచి మడిచి పట్టుకుని, నాలుగింటికి అమ్మణ్ణిగారి అరుగు మీద కూర్చుంది. ఆ రెండో మనిషి ఎవరై ఉంటారా అని దారి పొడుగునా ఆలోచించింది. హెడ్మాస్టరుగారేమో అనుకుంది. ఎవరైనా ఇబ్బందే, ఎదురెదురుగా నిలబడి మొహాలు ఎలా చూసుకోవడం అనుకుంది. అంతలో వీధిలో మొగుడి స్కూటరు ఆగింది. తనని వెతుక్కుంటూ వచ్చాడు కాబోలనుకుని లేచి నిలబడింది.

శశిభూషణ్ స్కూటరు స్టాండు వేసి ఇటు తిరిగాడు. అతని చేతిలో కూడా మడిచిన గోనెసంచి ఉంది.

ఇద్దరూ ఒకరి చేతిలో సంచి ఒకరు చూసుకున్నారు. అతను కూడా ఒక కాయ పెట్టుకున్నాడా? ఈ నూతి దగ్గరే కూర్చున్నాడా?

"ఇద్దరూ వచ్చారు కదా, నిచ్చెనెక్కండి," అన్నారు అమ్మణ్ణిగారు లోపల్నుంచి, రోజూ వచ్చేవాళ్లని పలకరించినట్టు. "ఇంకో సంగతి. మొలిచిన కాయ పలకదు. లోపలంతా పువ్వయిపోతుంది. ఎవరి మాట వాళ్లే చెప్పుకోవాలి." ఆ వెంటనే ఆవిడకి గేదె పని గుర్తుకొచ్చి పెరట్లోకి వెళ్లిపోయారు.

అటక మీద నిటారుగా నిలబడ్డానికి లేదు. వాసాల కింద వొంగి, మోకాళ్ల మీద జరిగి కూర్చున్నారు. పెంకుల సందుల్లోంచి వెలుతురు సన్నగా పడుతోంది. ఒక కాయ మీద మూడు సున్నం గీతలు, అది ఆమెది. దాని పక్కదాని మీద ఒక సున్న. రెండింటికీ జానెడు మొలకలు. పీచు చీల్చుకొచ్చిన తెల్లటి వేళ్లు ఏది దేనిదో తెలియకుండా పెనవేసుకుని ఉన్నాయి.

ఎప్పుడు పెట్టారని అడిగింది. ఆ జనవరిలోనే అన్నాడు. మన చెట్టు కాయే అన్నాడు. తర్వాత వేళ్ల వంకే చూస్తూ మొదలుపెట్టాడు.

"ఆ రోజు ఆలస్యం దార్లో కాలేదు తులసీ. పదింటికే వచ్చేశాను. వీధి మొగలో తలుపులమ్మ ఎదురొచ్చింది. నా మొహం చూళ్లేదు. అప్పటికే నాకు తెలిసిపోయింది. ఇంట్లోంచి ఏ చప్పుడూ లేదు. లోపలికొస్తే నువ్వు నా వైపు చూస్తావు. అప్పుడు నేనేం చెయ్యాలో నాకు తెలీలేదు. భయమేసింది. ఆ చెట్టు మీద కూర్చుండిపోయాను. ఒక గంట."

"గంటన్నర," అంది తులసి. "గడియారం నా ఎదురుగానే ఉంది."

అతను చటుక్కున తలెత్తాడు. "చూశావా?"

"చూశాను. చెయ్యెత్తాను కూడా. మీరు నా వంక చూసి తల తిప్పుకున్నారు."

"నేను నిన్ను చూళ్లేదు." అన్నాడతను. "కిటికీ వంక చూశాను, నిజమే. అందులో నువ్వు లేవు తులసీ. చీకటి తప్ప ఏం లేదు."

ఆమెకి నమ్మాలని ఉంది, నమ్మకం కుదరడం లేదు. ఏడాదిన్నరగా ఆ చూపునే తలుచుకుని తలుచుకుని పడుకున్న మనిషి. మరి ఆ దుంగ ఎందుకు ఉంచారని అడిగింది.

"తీయిస్తే, నేనసలు అక్కడ కూర్చోనట్టే అయిపోతుందనిపించింది. అది సులువైపోతుంది కదా. నీకు చెప్పేదాకా ఉండాలనుకున్నాను."

అప్పుడు వచ్చింది తులసికి ఏడుపు. కాన్పు రోజున రానిది, ఆ తర్వాత ఒక్కనాడూ రానిది, కొబ్బరి పీచు వాసన మధ్య, వొంగి కూర్చోవలసిన ఆ ఇరుకులో తన్నుకొచ్చింది. శశిభూషణ్ ఏం చెయ్యాలో తెలియకపోయినా ఈసారి కదల్లేదు. ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. తన కళ్ల నీళ్లు కూడా తుడుచుకోలేదు. పెరట్లో అమ్మణ్ణిగారు ఆ గేదెకి ఆ పూట ఎన్ని కుండల కుడితి పెట్టారో దానికే తెలియాలి.

తర్వాత జరిగినవన్నీ ఊళ్లో అందరికీ తెలిసినవే. సోమవారం పెద్దాపురం బస్సు తులసి లేకుండానే వెళ్లిపోయింది. ఆమె సెలవు పెట్టింది. ఆ సెలవు నడుస్తుండగానే, పక్క ఊరి బళ్లో పనిచేస్తూ, అత్తారింటికి దగ్గరవుతుందని పెద్దాపురం వెళ్లడానికి ఎదురుచూస్తున్న ఓ మేష్టారు దొరికాడు. ఇద్దరూ ఒకరి చోటుకి ఒకరు మార్చుకున్నారు. చిట్టియ్య మూడోసారి రంపం పట్టుకొచ్చినప్పుడు శశిభూషణే రెండో కొస పట్టాడు. పాత చెట్టు లేచిన గోతిలోనే ఆ రెండు మొలకల్నీ విడదీయకుండా పాతారు. ఇప్పుడా వీధిలో ఒకే గోతిలోంచి లేచిన రెండు చెట్లున్నాయి. కాయలు దింపు తీసేవాళ్లు ఒకదాని మీంచి దిగకుండానే రెండోదాని గెలలు కోస్తారు.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ ఆదివారం సాయంత్రం మాత్రం ఇద్దరూ స్కూటరు మీద ఇంటికొచ్చారు. దారంతా ఆ మొలకలు తులసి ఒళ్లోనే ఉన్నాయి. గుమ్మం ముందు దిగి, సంచి అతని చేతికిచ్చి, లోపలికెళ్లి నా మంచం మీద కూర్చోండి అంది. కూర్చుని, ఊచల దగ్గర చెయ్యెత్తండి అంది.

అతను ఎందుకని అడగలేదు. వెళ్లాడు.

తులసి ఏడాదిన్నరగా దాటడమే తప్ప ఏనాడూ కూర్చోని ఆ దుంగ మీద కూర్చుంది. పొద్దు ఇంకా వాలలేదు. వీధంతా వెలుతురుగా ఉంది. తలెత్తి కిటికీ వంక చూసింది. వసారా చూరు కిందికి వాలి ఉంది. దాని నీడలో కిటికీ ఒక నల్లటి చదరం, అంతే. ఊచలు కూడా సరిగ్గా ఆనడం లేదు.

"చెయ్యెత్తారా?" అని అడిగింది.

"ఎత్తాను," అంది శశిభూషణ్ గొంతు ఆ చీకట్లోంచి. "ఎత్తే ఉంచాను. కనిపించడం లేదా?"

తులసి ఇంకోసారి కళ్లు చికిలించి చూసింది. తర్వాత లేచి, చీర దులుపుకుని, లోపలికి వెళ్లింది.